నామినీగా పేరు రాస్తే చాలా?

ప్రశ్న: నా వయసు 68. బెంగళూరులో ఒక ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసి పదవీ విరమణ చేశాను. రామమూర్తి నగర్‌లో నా జీతం డబ్బుతో కట్టించిన ఇల్లు నా పేరునే ఉంది. మదనపల్లె దగ్గర మా నాన్నగారి తరఫున వచ్చిన రెండెకరాల మెట్ట ఉంది. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నారు. మా అమ్మకు 88 ఏళ్లు. ఊళ్లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. బ్యాంకు డిపాజిట్లన్నింటికీ అబ్బాయినే నామినీగా పెట్టాను. అది చాలదా, వీలునామా కూడా కావాలా? ఇంటిని ఇప్పుడే అబ్బాయి పేరున గిఫ్ట్ డీడ్ చేసేస్తే గొడవ ఉండదని కొందరంటున్నారు. ఈ ప్రస్తావన తెస్తే నా భార్య “శుభమా అని పొద్దున్నే ఆ మాటలేమిటి” అంటూ లేచి వెళ్లిపోతుంది. ఏం చేయమంటారు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రామమూర్తి నగర్, బెంగళూరు

జవాబు: నామినేషన్ ఒక్కటే చాలదు. మీ తదనంతరం బ్యాంకు ఎవరి చేతికి డబ్బు అందించి తన బాధ్యత తీర్చుకోవాలో ఆ మనిషి నామినీ. ఆ డబ్బు చివరికి ఎవరికి చెందాలో తేల్చేది మాత్రం వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ సంగతి చెప్పింది, కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ అదే చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని సవరించాక భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైనప్పుడు బీమా సొమ్ము వరకు లెక్క కొంత మారింది గానీ, బ్యాంకు డిపాజిట్లకు పాత సూత్రమే వర్తిస్తుంది. కాబట్టి మీ అబ్బాయి ఆ డబ్బు తీసుకున్నా, మిగిలిన వారసుల వాటా వారికి ఇవ్వవలసిన వాడే అవుతాడు.

ఆ వారసులెవరన్నది మీ ఉత్తరంలో మీరు గమనించని విషయం. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా పోయిన పురుషుడి ఆస్తికి భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అంటే మీ ఇల్లు మూడు వాటాలు కాదు, నాలుగు వాటాలు అవుతుంది. ఆ తర్వాత మీ అమ్మగారు కూడా వీలునామా లేకుండా కాలం చేస్తే ఆమె పావు వాటా ఆమె సంతానానికి, అంటే మీ తమ్ముడికీ, మీ బదులుగా మీ పిల్లలకూ చెందుతుంది. అప్పుడు రామమూర్తి నగర్ ఇల్లు అమ్మాలన్నా, దాని మీద అప్పు తీసుకోవాలన్నా, చివరికి ఖాతా, అంటే నగరపాలక రికార్డుల్లో యజమాని పేరు, మార్చుకోవాలన్నా మీ శ్రీమతి మదనపల్లె వెళ్లి మరిదిగారి సంతకం అడగవలసి వస్తుంది. మీ తమ్ముడు ఎంత మంచివాడైనా ఆ పరిస్థితి ఇద్దరికీ ఇబ్బందే. తల్లికి ఏమీ ఇవ్వవద్దని నా ఉద్దేశం కాదు. ఆమె పేరున కొంత డిపాజిట్ విడిగా కేటాయించి, ఇంటి సంగతి వీలునామాలో స్పష్టంగా రాయండి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాస్తేనే చెల్లుతుందన్న నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది, ఇక్కడ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల ఎదుట కూర్చునే టైపిస్టులూ దాన్ని కాదనరు. తెల్ల కాగితం మీద తెలుగులో స్వహస్తంతో రాసినా చెల్లుతుంది. భారతీయ వారసత్వ చట్టం, 1925 కోరేది ఇంతే: మీరు సంతకం చేయాలి, మీరు సంతకం చేయడాన్ని చూసిన, లేదా అది మీ సంతకమేనని మీ నోటి ద్వారా విన్న సాక్షులు కనీసం ఇద్దరుండాలి, వారు మీ ఎదుట సంతకాలు చేయాలి. ఎప్పుడైనా వివాదం వస్తే ఆ ఇద్దరిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది గనుక, మీతో పాటు ఉదయం నడకకు వచ్చే డెబ్భై ఐదేళ్ల మిత్రుడి కంటే వయసులో మీకంటే చిన్నవారైన, ఊళ్లోనే ఉండే వారిని ఎంచుకోండి. వీలునామాలో వాటా పొందేవారు సాక్షులుగా లేకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నా సలహా. పిల్లల్లో ఒకరు దూరదేశంలో ఉన్నప్పుడు “ఇది నాన్న సంతకం కాదు” అనే మాటకు అది చాలావరకు అడ్డుకట్ట వేస్తుంది. రిజిస్టరు చేసిన వీలునామాను కూడా మీరు ఎప్పుడైనా రద్దు చేసి మరొకటి రాయవచ్చు. చట్టప్రకారం రాసిన చివరి వీలునామాయే నిలుస్తుంది.

గిఫ్ట్ డీడ్ మాత్రం వద్దు. వీలునామా మీరు కన్నుమూసేదాకా మీ చేతిలోని కాగితమే, గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన క్షణం నుంచి ఇల్లు మీది కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ ప్రకారం పిల్లలు చూసుకోకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. కానీ పోషించాలన్న షరతు మీదనే ఆస్తి ఇచ్చినట్టు చూపించగలగాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అటువంటి షరతు రాయని దస్తావేజులే మన ఇళ్లలో ఎక్కువ. ఇక మెట్ట విషయంలో విదేశీ మారక నిబంధనలు కూడా అడ్డు వస్తాయి. విదేశంలో స్థిరపడిన అబ్బాయికి వ్యవసాయ భూమిని దానంగా ఇవ్వడం కుదరదు. వారసత్వంగా, అంటే వీలునామా ద్వారా, రావచ్చు. అయితే ఆ భూమి మీ తాతగారి నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిగా వస్తున్నదైతే మీ వాటా వరకే మీరు రాయగలరు, మీ అమ్మాయికీ అందులో పుట్టుకతో హక్కుంది. ఆంధ్రప్రదేశ్ ఆ హక్కును దేశమంతటి కంటే ముందే, 1980ల నడుమ, ఆనాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇచ్చింది. 2005 సవరణ దాన్ని కూతుళ్లందరికీ వర్తింపజేసింది. పాత దస్తావేజులు, రెవెన్యూ భూ రికార్డైన 1-బి నకలు న్యాయవాదికి చూపించాకే ఆ భూమి గురించి వాక్యం రాయండి.

ఇంత చెప్పినా, మీ ఇంట్లో ముందు కావలసింది వీలునామా కాదని నా అభిప్రాయం. మీ తర్వాత బ్యాంకు కౌంటరు ముందు నిలబడవలసింది అమెరికాలోని అబ్బాయి కాదు, ఈ మాట వినగానే లేచి వెళ్లిపోయే మీ శ్రీమతి. ఆమెకు చావు గురించి చెప్పనక్కరలేదు, పనులు అప్పగించండి. ఈ నెల బెస్కాం కరెంటు బిల్లు, వచ్చే ఏడాది ఇంటి కందాయం (ఆస్తి పన్ను) ఆమె చేతులతో కట్టించండి. డిపాజిట్ గడువు తీరిన రోజున ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, రెన్యువల్ కాగితం ఆమె చేతే నింపించండి. “నా తర్వాత” అన్న మాట లేకుండానే చాలా పని సాగిపోతుంది.

ఆ వెళ్లినప్పుడే ఖాతాలను ఇద్దరి పేర్ల మీదికి, ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు తీసుకునే ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోకి మార్చండి. నామినీల పేర్లూ తిరిగి రాయండి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురు దాకా నామినీలను పెట్టి, ఎవరికి ఎంత శాతమో కూడా చెప్పవచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరుగా మాత్రమే పేర్లు ఇవ్వాలి. నామినీల జాబితా, వీలునామా ఒకే మాట చెప్పేలా చూడండి. రెండూ రెండు దారుల్లో పోవడం వల్ల వచ్చే తగాదాలే ఎక్కువ.

ఒక సాయంత్రం బీరువాలోని కాగితాలన్నీ బయట పరచి, వాటిలో మీ శ్రీమతి పేరు ఎన్ని రకాలుగా ఉందో చూడండి. ఊరి రేషన్ కార్డులో వెంకటలక్ష్మమ్మ, ఆధార్‌లో వి. లక్ష్మి, మీ పెన్షన్ ఉత్తర్వులో లక్ష్మీదేవి అని ఉండటం మనవాళ్లలో మామూలే. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటే ఇక్కడి కార్యాలయాల్లో పొడి అక్షరాలు పేరు చివరికి చేరతాయి. మీరుండగా అది నవ్వుకునే విషయం. కుటుంబ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టిన రోజున మాత్రం ఆమెకు అది నెలల తరబడి తిరుగుడు. పేరు, పుట్టిన తేదీ ఇప్పుడే సరిచేయించండి. ఇంటి ఈ-ఖాతాలో, అంటే ఆ ఖాతా ఆన్‌లైన్ ప్రతిలో, మీ పేరు, కొలతలు దస్తావేజుతో సరిపోతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఈ-ఖాతా లేనిదే బెంగళూరులో ఇంటి అమ్మకం రిజిస్టరు కావడం లేదు.

ఒక గళ్ల నోటుబుక్కు తీసుకుని ఏ బ్యాంకులో ఏముందో, లాకరు తాళం ఎక్కడుందో, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో తెలుగులో రాయండి. ఊళ్లో చేబదులు ఇచ్చిన డబ్బు కూడా రాయండి. కాగితం లేని బాకీలు మనిషితోనే పోతాయి. పాస్‌వర్డులు అందులో వద్దు, ఫోను తెరిచే అంకె మాత్రం ఆమెకు తెలియాలి. మీ సిమ్‌ను వెంటనే రద్దు చేయించవద్దని పిల్లలకు చెప్పండి, ఎందుకంటే అన్ని సంస్థల సమాచారమూ ఆ నంబరుకే వస్తుంది. ఒక హెచ్చరిక: మనిషి పోయాక ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం, కర్మ ఖర్చుల కోసమే అయినా, సరైన పని కాదు, తర్వాత వారసుల మధ్య లెక్కల్లో అదే ముల్లవుతుంది. అందుకే ఆమె సొంత ఖాతాలో మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఎప్పుడూ ఉంచండి.

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలన్నది, అంతకు మించి ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వస్తుందన్నది అబ్బాయికీ అమ్మాయికీ తెలిసి ఉండాలి. ఇంట్లోనే పోయినవారికి చికిత్స చేసిన వైద్యుడి ధ్రువపత్రం అవసరమవుతుంది కాబట్టి, పెద్ద ఆసుపత్రులతో పాటు వీధి చివరి డాక్టరుగారితోనూ పరిచయం ఉంచుకోండి.

ప్రశ్న: నేను ఉద్యోగినిని, వయసు 52. భర్త చనిపోయారు, పిల్లలు లేరు. నా సంపాదనతో జయనగర్‌లో ఫ్లాటు కొన్నాను. నెల్లూరులో ఉన్న మా అమ్మను నేనే చూసుకుంటున్నాను. నాకేమైనా అయితే ఇదంతా అమ్మకే కదా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: వీలునామా లేకపోతే రాదండీ. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు చెందుతుంది. వారు లేకపోతే భర్త తరఫు వారసులు. వారెవరూ లేనప్పుడే కన్న తల్లిదండ్రులు. ఆ ఫ్లాటు మీ కష్టార్జితమైనా ఈ వరుస మారదు, మీరు ఏళ్ల తరబడి చూడని మరిదిగారు మీ అమ్మగారి కంటే ముందు నిలుస్తారు. మీ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఒక్కటే, పిల్లలు లేనప్పుడు, పుట్టింటి వైపు తిరిగి వెళుతుంది. ఈ నియమం నాకు న్యాయంగా కనిపించదు గానీ నేటికీ చట్టం అదే. ఈ వారంలోనే వీలునామా రాయండి. అమ్మగారు మీకంటే ముందు వెళ్లిపోతే ఆస్తి ఎవరికి చేరాలో కూడా అందులో ఒక వాక్యం చేర్చండి. భవిష్యనిధి నామినేషన్ పెళ్లికి ముందు రాసినదైతే పెళ్లితోనే చెల్లకుండా పోయి ఉంటుంది, పెళ్లయ్యాక రాసినదైతే మీ భర్తగారి పేరుతో ఉండిపోయి ఉంటుంది. ఏదైనా సరే, దాన్ని కొత్తగా నింపండి.

ప్రశ్న: మా వారు చివరి రోజులన్నీ వెంటిలేటరు మీదే గడిపారు. నాకు 74 ఏళ్లు. నాకు అటువంటిది వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చా? పిల్లలు మాట దాటేస్తున్నారు.
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: రాసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పు ఆ హక్కును గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. మీరు చెప్పలేని స్థితిలో మీ తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు, ఒకటి కంటే ఎక్కువే, అందులో ఉండాలి. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న ఈ తీర్పును అమలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది గనుక, ఆసుపత్రి వారు “మా దగ్గర అలాంటి పద్ధతి లేదు” అంటే ఆ ఉత్తర్వును గుర్తుచేయండి.

ఇది ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం కాదని మీ పిల్లలకు చెప్పండి. బహుశా వారి భయం అదే. కోలుకునే ఆశ లేదని చికిత్స చేస్తున్న వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులు కలిసి తేల్చి, ఆ మాటను రెండో వైద్య మండలి కూడా సమర్థించాకే యంత్రాలు తీసివేస్తారు. నొప్పి తగ్గించే వైద్యం చివరిదాకా సాగుతుంది. ఏ చికిత్స వద్దో, ఏది కావాలో విడివిడిగా రాయండి. “నన్ను బాధపెట్టవద్దు” అని మాత్రమే రాస్తే అర్ధరాత్రి ఐసీయూ బయట నిలబడ్డ కొడుక్కి అది ఏ దారీ చూపదు. నేత్రదానం చేయాలని ఉంటే అదీ ఇందులోనే రాయండి. మరణించిన ఆరు గంటల్లోగా కళ్లు సేకరించాలి కాబట్టి నేత్రనిధి ఫోను నంబరు పిల్లల ఫోన్లలో ముందే ఉండాలి. ఒక ప్రతి మీ వైద్యుడికి, ఒకటి ఊళ్లోనే ఉన్న సంతానానికి ఇవ్వండి. బ్యాంకు లాకరులో మాత్రం దాచకండి, ఆదివారం రాత్రి అవసరమైతే సోమవారం దాకా అది ఎవరికీ అందదు.