ఇంటావిడ ఇచ్చిన పాత రివాల్వరు

బెంగళూరు అల్సూరులో కొత్తగా అద్దెకు దిగిన ఒక తెలుగు అబ్బాయి సందేహమిది. మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేసిన తన మామగారి రివాల్వరును, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ అభిమానంతో ఇతని చేతిలో పెట్టారట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయనతో మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వెళ్లివచ్చిందని కూడా చెప్పారట. దాని వయసు తెలుసుకోవడమెలా?

వయసు సంగతి తర్వాత. లైసెన్సు లేకుండా అది మీ గదిలో ఉంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరమే, ఇచ్చిన ఆవిడకూ చిక్కే. సంచిలో వేసుకుని ఊరంతా తిరగకండి. లోపల గుళ్లున్నాయేమో చూద్దామని తెరవకండి. ముందు న్యాయవాదితో మాట్లాడి, ఇంటావిడను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనులో జమ చేసే ఏర్పాటు చూడండి. కన్నడ రాదని మొహమాటపడి రసీదు అడగకుండా మాత్రం రావద్దు.

ఇక గుర్తులు. పాత బ్రిటిష్ సైన్యపు రివాల్వర్లలో ఎక్కువగా కనిపించేవి వెబ్లీ, ఎన్‌ఫీల్డ్. రెండూ నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటాయి. వెబ్లీ మార్క్ 6 బరువైనది, .455 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), ఆరంగుళాల గొట్టం, పిడి అడుగు చదరంగా ఉంటుంది. 1915లో సైన్యంలోకి వచ్చింది. అంతకు ముందరి మార్కుల, అంటే పాత మోడళ్ల, పిడి సాధారణంగా పక్షి తలలా వంపు తిరిగి ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 చిన్నది, .380 బోరు, 1932లో వచ్చింది. ఫ్రేము (తుపాకి లోహపు చట్రం) మీద ఆ పేరే ఉంటే మెసొపొటేమియా కథ అక్కడితో సరి! పైగా మోడల్ వచ్చిన ఏడూ, తుపాకి తయారైన ఏడూ ఒకటే కానక్కర్లేదు. మార్క్ 6ను 1920లలోనూ తయారుచేశారు. ఫ్రేము మీద అచ్చుకొట్టిన సంవత్సరాన్నే నమ్మండి.

బాణం గుర్తు కింద ఇంగ్లిష్ 'ఐ' అక్షరముంటే భారత ప్రభుత్వ సొత్తు. రెండు బాణాలు మొనలు ఆనించుకుని ఉంటే సైన్యం అమ్మేసినది. బాణమే లేకపోతే సొంత డబ్బుతో కొన్నది కావచ్చు, అప్పటి అధికారులకు అది మామూలే. తుప్పు పోవాలని గరుకు కాగితంతో రుద్దితే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి.

బోరు తేలితేనే దారి తెలుస్తుంది. నిషిద్ధ బోరు అయితే లైసెన్సు కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది, లేకపోతే నగర పోలీసు కమిషనర్ చేతిలో. మామగారి పాత లైసెన్సు పుస్తకం ఇంట్లో ఎక్కడైనా ఉందేమో ఆవిడను వెతకమనండి. తుపాకి నంబరూ బోరూ అందులోనే రాసి ఉంటాయి.