ఎస్‌ఏఎస్ ఆన్ చేయగానే రాకెట్ ఊగితే

తమ్ముడూ, కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల గేమ్‌లో ఎస్‌ఏఎస్ (రాకెట్‌ను తనంతట తానే నిలకడగా ఉంచే వ్యవస్థ) నొక్కగానే నీ పొడుగు రాకెట్ పాములా మెలికలు తిరుగుతోందని, ప్రోగ్రేడ్ (వెళ్తున్న దిశకే ముక్కు తిప్పే) బటన్ అసలు కనిపించట్లేదని రాశావు కదా, ఆ రెండూ వేర్వేరు సమస్యలు.

ముందు ఊగడం సంగతి. పైనున్న కమాండ్ పాడ్ (పైలట్ కూర్చునే గది) ఎటు వంగిందో చూసి ఎస్‌ఏఎస్ కింద ఇంజిన్ నాజిల్‌ను తిప్పుతుంది, మధ్యలో జాయింట్లు మెత్తగా ఉంటే ఆ కదలిక పైదాకా చేరేసరికి ఆలస్యమై అది మళ్లీ ఎదురువైపు తిప్పుతుంది, అట్లా ఊపు పెరుగుతూనే పోతుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్వీకబుల్స్ ఆన్ చేసి పార్టులకు ఆటోస్ట్రట్ (జాయింట్లను బిగించే కనపడని ఊత) పెట్టు. ఇంజిన్ మీద రైట్ క్లిక్ చేసి గింబల్ లిమిట్ (నాజిల్ ఎంత తిరగాలనే హద్దు) 30 శాతం దాకా తగ్గించు, తేడా వెంటనే తెలుస్తుంది. కింద నాలుగు ఫిన్లు (చిన్న రెక్కలు) కూడా పెట్టు. సంక్రాంతికి మా హనుమకొండలో డాబాల మీద పతంగి ఎగరేసేటప్పుడు గిరగిరా తిరిగితే తోక కడతాం చూడు, ఫిన్ల పనీ అదే, గాలి లాగేది వెనకుండాలి, బరువు ముందుండాలి.

ఇక బటన్. నువ్వు ఆడేది కెరీర్ మోడ్ అయితే కొత్త పైలట్, రాకెట్ ఉన్న దిశను అలాగే నిలబెట్టడం మాత్రమే చేస్తాడు, ప్రోగ్రేడ్, రెట్రోగ్రేడ్ (దానికి ఎదురు దిశ) కావాలంటే లెవెల్ 1కి రావాలి, మాన్యువర్‌కు (ముందే గీసుకున్న మలుపు దిశకు తిప్పడానికి) లెవెల్ 3. ఇంజనీరునో సైంటిస్టునో ఒంటరిగా కూర్చోబెడితే ఎస్‌ఏఎస్సే రాదు. స్టేపుట్నిక్ అనే మనిషి లేని ప్రోబ్‌కు కూడా అంతే.

బ్యాటరీ కూడా చూసుకో, కరెంటు అయిపోతే రియాక్షన్ వీల్స్ (రాకెట్‌ను తిప్పే లోపలి చక్రాలు) ఆగిపోతాయి.