ఒకే ఇంట్లో ఉంటాం, మాటే ఉండదు

ప్రశ్న: మాది అల్వాల్. మావారు రైల్వేలో చేసి మూడేళ్ల కింద రిటైరయ్యారు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. పొద్దున కాఫీ నుంచి రాత్రి పడుకునేదాకా ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్. పిలిస్తే ‘ఆఁ?’ అంటారు, అంతే. పెళ్లిళ్లకు కూడా రానంటున్నారు. ఫోన్ దాచేస్తే పెద్ద గొడవైంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్ దాచడం మానేయండమ్మా. ఈ వయసులో నన్ను చిన్నపిల్లాడిలా చూస్తోందన్న ఉక్రోషం తప్ప ఏమీ మిగలదు.

ఆయన బయటికెళ్లి చేసే పనులన్నీ ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. కరెంటు బిల్లు, గ్యాస్, బ్యాంకు, సరుకులు. 2016లో యూపీఐ వచ్చాక చిల్లరకూ ఎవరినీ అడగక్కర్లేదు. ఏటా నవంబరులో, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకు వెళ్లిన పెన్షనర్లు క్యూలో విసుక్కుంటూనే మోకాళ్ల నొప్పులు, మనవళ్ల కబుర్లు చెప్పుకునేవారు. ఇప్పుడు ఫోన్‌కి ముఖం చూపిస్తే చాలు. నడవలేనివాళ్లకు అది వరమే, కాదనను. కానీ రిటైరైన మగవాళ్లలో చాలామందికి గడప దాటడానికి ఏదో ఒక పని ఉండాలి. ‘ఊరికే వచ్చాను’ అంటూ పక్కింటికి వెళ్లడం వాళ్లకు చేతకాదు.

అందుకే ‘వాకింగ్‌కి వెళ్లండి’ అనకండి, పని చెప్పండి. కూరగాయలు యాప్‌లో తెప్పించకుండా రైతుబజారుకు పంపండి. పుచ్చు వంకాయలు తెచ్చినా ఏమీ అనొద్దు. ఒక వీడియో అవగానే ఇంకోటి మొదలవకుండా ఆటోప్లే ఆపేయమని మీ అబ్బాయి చేత చెప్పించండి. మీరు చెబితే వినరు.

నాకు ఇంకో అనుమానం. ఇయర్‌ఫోన్లు తీసినా ‘ఆఁ?’ అంటున్నారా? టీవీ సౌండ్ పెంచుతున్నారా? వినికిడి తగ్గినవాళ్లకు పెళ్లి సందడిలో ఎదుటివాళ్ల మాట అందదు. కొన్నాళ్లు నవ్వి ఊరుకుంటారు, తర్వాత వెళ్లడమే మానేస్తారు. ఫోన్‌లోనైతే సౌండ్ తమ చేతిలో ఉంటుంది, మళ్లీ చెప్పమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఫోన్ పిచ్చి అని తేల్చేసేముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి.

తిండి, నిద్ర తగ్గినా, ‘ఎందుకీ బతుకు’ లాంటి మాటలు వస్తున్నా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా పెళ్లిళ్లకు మీరొక్కరైనా వెళ్లిరండి. ఆయన రారని మీరూ ఆగిపోవద్దు.