అండమాన్‌లో ఒక్క రోజే చేతిలో ఉంటే తెరచాప పడవ, చిన్న దీవి రెండూ కుదురుతాయా?

కుదురుతాయి. మేము హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళం, సముద్రం అలవాటు లేదు. జనవరిలో మా ఆవిడా నేనూ ఒక రోజంతా అలా గడిపాం. పొద్దున తెరచాప పడవ, మధ్యాహ్నం రాస్ దీవి. 2018 నుంచి ఆ దీవి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీవిజయపురం అయింది. రేవులో ఇంకా పాత పేర్లు వినిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి.

ముందు వెలుగు సంగతి. అక్కడి గడియారం మనదే కానీ, బాగా తూర్పున ఉండటం వల్ల శీతాకాలంలో ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. అందుకే మేము తెల్లవారగానే రెండు ఇడ్లీలు తిని, అరగంట ముందే వాంతులు రాకుండా మాత్ర వేసుకుని పడవెక్కాం.

తెరచాప పడవకు గాలికి ఎదురుగా నేరుగా పోవడం కుదరదు. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి వాలుగా మలుపులు తిరుగుతూ ముందుకు సాగాలి. మలుపు తిరిగే ప్రతిసారీ చాప అడుగున ఉండే అడ్డకర్ర విసురుగా అవతలి పక్కకు వస్తుంది. చుక్కాని పట్టినవారు కేక వేసిన వెంటనే తల వంచేయాలి. నాకు ఇది హుస్సేన్ సాగర్‌లో అలవాటైంది. మీరూ వీలైతే వానాకాలంలో అక్కడ ఒకటి రెండు సార్లు పడవెక్కి చూడండి. ఆ రోజుల్లో గాలి బాగుంటుంది, పెద్ద తెరచాప పోటీలు కూడా అప్పుడే జరుగుతాయి. సముద్రం మీద ఇంజను ఆపేసి చాప ఎత్తిన క్షణం నేను మరచిపోలేను. అంతవరకూ వినబడని నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా వినిపించింది. పడవ నడిపే అబ్బాయి మా మాటలు విని, "మీరు తెలుగువాళ్ళా అండీ? మా తాతగారిది శ్రీకాకుళం" అన్నాడు. అండమాన్‌లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇక రాస్. రేవు నుంచి ప్రయాణికుల పడవలో కొద్ది నిమిషాలే. ఆ రేవులోనే మాకు ఒక ఏజెంటు గంట చాలన్నాడు. మేము నమ్మలేదు, మీరూ నమ్మకండి. జింకలు, నెమళ్ళు, కొబ్బరిచెట్ల కోసమైతే గంట సరిపోతుందేమో. కానీ మర్రిజాతి వేళ్ళు గోడలను అల్లుకుని పట్టి నిలబెట్టిన చర్చి ముందు మాకే అరగంట గడిచిపోయింది. బేకరీ, కమిషనరు బంగళా, సమాధులు, జపాను సైనికుల బంకరు అన్నీ ఈ చిన్న దీవిలోనే. బ్రిటిష్ వారి పాలనా కేంద్రం ఇక్కడే ఉండేది. 1941లో భూకంపం వచ్చింది, 1942లో జపాను ఆక్రమించింది. ఇప్పుడు మిగిలినవి శిథిలాలే.

మనవాళ్ళు చాలామంది సెల్యులర్ జైలు చూసి వచ్చేస్తారు. ఆ జైలు పూర్తయింది 1906లో. కానీ బ్రిటిష్ వారు 1857 తిరుగుబాటు ఖైదీలను అంతకు చాలా ముందే, 1858 నుంచే ఇక్కడికి తరలించి, వారి చేతనే అడవులు కొట్టించారు. 1857 జులై 17న మన హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనంపై దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను కూడా అండమాన్‌కే పంపారు. ఆయన అండమాన్‌లోనే కన్నుమూశారు. కోఠీ మీదుగా నేను రోజూ బస్సులో వెళతాను. ఆ శిథిలాల మధ్య నిలబడినప్పుడు ఆ భవనమే కళ్ళముందు కదిలింది, గొంతు పట్టేసింది.

టోపీ, నీళ్ళు, చిల్లర డబ్బు వెంట ఉంచుకోండి. పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోకండి, అది నేరం. టికెట్టు కొనేటప్పుడే తిరుగు పడవ ఎన్నింటికో అడిగి రాసుకోండి. చివరి పడవ వెళ్ళాక రాత్రికి అక్కడ ఉండనివ్వరు.