ట్రెడ్‌మిల్ లెక్కా, వాచీ లెక్కా?

ప్రశ్న: జిమ్‌లో అరగంట నడిస్తే ట్రెడ్‌మిల్ 260 క్యాలరీలు అంటోంది, నా స్మార్ట్‌వాచ్ 190 అంటోంది. డంబెల్స్ ఎత్తేటప్పుడు గుండె వేగం ఉన్నట్టుండి పడిపోయినట్లు చూపిస్తోంది. ఇప్పుడు ప్రతి యంత్రానికీ క్యూఆర్ కోడ్ అంటించి, స్కాన్ చేశాకే వాడమంటున్నారు. ఈ అంకెలను నమ్మవచ్చా? ఆ వివరాలు జిమ్ వారికెందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చూస్తున్న రెండు క్యాలరీల అంకెలూ అంచనాలే. ట్రెడ్‌మిల్‌కు నిజంగా తెలిసేది బెల్టు వేగం, వాలు మాత్రమే. వాటికి మీరు నమోదు చేసిన శరీర బరువును జోడించి ఒక సూత్రం ప్రకారం లెక్క కడుతుంది. బరువు నమోదు చేయకపోతే, తయారీలో పెట్టిన ఏదో ఒక బరువునే మీదిగా తీసుకుంటుంది. వాలు పెంచి, ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నడిచేవారిని మీరు చూసే ఉంటారు. దేహభారంలో కొంత చేతుల మీద పడడంతో వారి శ్రమ తగ్గినా, ఆ సంగతి తెలియని యంత్రం పూర్తి లెక్కే చూపిస్తుంది.

వాచీ వెనుక వెలిగే ఆకుపచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగి వచ్చే కాంతిలో కలిగే తేడాను బట్టి వాచీ వేగాన్ని లెక్కిస్తుంది. డంబెల్‌ను బిగించి పట్టుకోగానే ముంజేతి కండరాలు బిగుసుకుని, పట్టీ కాస్త కదిలి, ఆ తేడా చెదిరిపోతుంది. పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన బిగువుగా కట్టి చూడండి. గుండె విద్యుత్ సంకేతాన్నే గ్రహించే ఛాతీ పట్టీ ఇంకా మేలు. అయితే కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వాచీ ఏం చెబుతున్నా వ్యాయామం ఆపి వైద్యుని సంప్రదించండి.

నా సలహా అడిగితే, క్యాలరీలకన్నా చేసిన పనిని రాసుకోండి. ల్యాట్ పుల్‌డౌన్ (తలపైనున్న కడ్డీని కిందికి లాగే వ్యాయామం) 20 కిలోలతో 12 సార్లు, 3 సెట్లు చేసినవారు కొన్ని వారాలకు అదే 25 కిలోలతో చేయగలిగితే, ఆ పెరుగుదలలో అంచనా ఏమీ లేదు.

క్యూఆర్ కోడ్ వెనుక న్యాయమైన అవసరం ఉండవచ్చు. ట్రెడ్‌మిల్ బెల్టు కింద సిలికాన్ నూనె ఎప్పుడు వేయాలో అది తిరిగిన గంటలను బట్టి నిర్ణయిస్తారు. ఆలస్యమైతే రాపిడి పెరిగి మోటారుపై భారం పడుతుంది. ఉదయం ఏ యంత్రం దగ్గర వరుస కడుతున్నారో తెలిస్తే మరొకటి కొనవచ్చు. కానీ వీటిలో దేనికీ మీ పేరు, ఫోన్ నంబరు, గుండె వేగం అక్కరలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి సమ్మతే ప్రధాన ఆధారం. ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారో, సభ్యత్వం ముగిశాక తొలగిస్తారో లేదో యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా యాప్‌లో ఆరోగ్య వివరాల అనుమతిని ఆపి ఉంచండి.