అడవికి పోయే రోజు పొద్దున్నే నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పొదిలి, వయసు 46. వచ్చే నెల ఫ్రెండ్స్ అయిదుగురం కారులో తుమ్మలబైలు సఫారీకి పోయి, నల్లమలలో కొంచెం నడిచి, రాత్రికి ఇంటికి వచ్చేద్దామని ప్లాన్. జలగలు పట్టుకుంటే ఏం చేయాలి? మలేరియా మాత్ర ముందే వేసుకోవాలా? ఆరేళ్ళుగా బీపీకి టెల్మిసార్టన్ హెచ్ వాడుతున్నా. మోకాళ్ళ నొప్పులున్నాయి కాబట్టి ఆ రోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఎసిక్లోఫెనాక్ వేసుకుందామనుకుంటున్నా.

జవాబు: జలగల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు నొప్పి మాత్రలు, అవి వద్దండీ.

మీ బీపీ మాత్ర పేరు చివర హెచ్ ఉందంటే అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉన్నట్టు. ఎండలో నాలుగు గంటలు తిరిగితే చెమటకి ఒంట్లో నీళ్ళు ఎలాగూ తగ్గుతాయి, దానికి ఈ మందు తోడవుతుంది. అలాంటప్పుడు కిడ్నీ తనలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని ఎట్లో నెట్టుకొస్తుంది, నొప్పి మాత్ర సరిగ్గా ఆ నాళాన్నే బిగించేస్తుంది, ఇటు టెల్మిసార్టన్ ఏమో బయటికి పోయే నాళాన్ని వదులు చేసి ఉంటుంది, ఇంక వడపోతకి కావాల్సిన ఒత్తిడి ఎక్కడ్నించి వస్తుంది? మూడు మందులూ విడివిడిగా మంచివే, ఎండలో మూడూ కలిస్తేనే ప్రమాదం.

శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయొచ్చిన ఒకాయన ఇట్లాగే మా దగ్గరికి వచ్చాడు. పాదాలు నొప్పి అని మెడికల్ షాపులో అడిగి నాలుగు రోజులు పూటకొకటి వేసుకున్నాడంట. వచ్చేసరికి కళ్ళ కింద ఉబ్బు, ముందు రోజు సాయంత్రం నుంచి మూత్రమే లేదు. రెండుసార్లు డయాలసిస్ చేస్తే గానీ తేరుకోలేదు. మన కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళకి కీళ్ళ నొప్పులు ఎక్కువ, అందుకే నొప్పి మాత్ర అంటే అందరికీ పిప్పరమెంటు బిళ్ళ అయిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా వినరు, మళ్ళీ చెప్తా ఉన్నా.

అంతగా నొప్పి ఉంటే పారాసిటమాల్ 650, రోజుకి మూడు దాటకుండా, అది కూడా లివర్ ఇబ్బంది, తాగుడు అలవాటు లేనివాళ్ళకే. మోకాలికి క్యాప్, చేతికి కర్ర తీసుకోండి, నొప్పి మొదలైతే నడక ఆపేయండి. పోయే ముందు ఒకసారి క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష, చేయించుకోండి, ఆరేళ్ళుగా బీపీ ఉందిగా. బీపీ మాత్ర మీ అంతట మీరు మానొద్దు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం ఆ రోజు వేసుకోవాలా వద్దా అని మీ డాక్టర్ ని ఫోన్లో అడగండి. మనిషికి మూడు లీటర్లు తగ్గకుండా నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో సగం సగం వేసుకోవడం కాదు.

పాము కరిస్తే కూడా నొప్పి మాత్ర ముట్టుకోకూడదు. రక్తపింజరి విషానికి రక్తం గడ్డకట్టదు. మేము గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి వంచి చూస్తాం, విషం ఎక్కితే నీళ్ళలాగా జారిపోతుంది. అలాంటి ఒంట్లో నొప్పి మాత్ర పడితే బ్లీడింగ్ ఇంకా పెరుగుతుంది. కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు, కాలు కదలకుండా పడుకోబెట్టి 108 కి చేయండి. అడవిలో సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు, అందుకే విషం విరుగుడు ఇంజెక్షన్ దోర్నాలలో ఉందా, మార్కాపురం పోవాలా అని బయల్దేరే ముందే కనుక్కోండి. ఫుల్ ప్యాంటు, బూట్లు తప్పనిసరి.

మలేరియా మాత్ర ఒక్క రోజు ట్రిప్పుకి మామూలుగా అక్కర్లేదు, దోమల క్రీము, ఫుల్ చేతుల చొక్కా చాలు. జలగని కాల్చొద్దు, గోరుతో పక్కకి తోసేసి సబ్బుతో కడగండి.

ఇంకొకటి మీరు అడగలేదు. వచ్చాక మూడు వారాల లోపు జ్వరం వస్తే షాపులో మాత్రలు తెచ్చుకోవద్దు, అది డెంగీ అయితే నొప్పి మాత్రతో ప్రమాదం, స్క్రబ్ టైఫస్ అయితే రోజులు వృథా అయిపోయి ఊపిరితిత్తుల దాకా పోతుంది. గడ్డిలో ఉండే కంటికి కనపడని నల్లి పిల్ల కుడితే వస్తుంది ఇది. కుట్టిన చోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, కొందరికి అసలు కనపడదు, నొప్పి ఉండదు కాబట్టి మనిషికీ తెలియదు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద వెతుక్కోండి. త్వరగా వస్తే తక్కువ ఖర్చు మందుతోనే తగ్గుతుంది. మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను, కానీ జ్వరంతో ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఫలానా రోజు నల్లమలకి పోయొచ్చానని ఆయన అడక్కముందే చెప్పండి.