ముందు నెల తేల్చుకో, బాల్కనీ గది తర్వాత

మిర్యాలగూడ

బిడ్డా,

సింగపూర్‌లో ఓడెక్కి మలేసియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవులు చూసి రావాలని, అమ్మను, నాయినను, మీ అత్తమ్మను కూడా తోల్కపోవాలని, గది మాత్రం బాల్కనీదే కావాలని రాసినవు. ఏ గది తీసుకోవాలెనో అడిగినవు గని ఏ నెలలో పోవాలెనో అడగలేదు. తప్పు నెలలో పోతే ఎంత పిరం గది తీసుకున్నా తలుపేసుకొని కూసోవాలె. అందుకే ముందు నెల సంగతి చెప్త.

సింగపూర్ నుంచి పెనాంగ్ దాకా ఓడ మలక్కా జలసంధిలో నడుస్తది. ఒక పక్క మలేసియా, ఇంకో పక్క ఇండోనేషియా వాళ్ళ సుమత్రా దీవి అడ్డం ఉంటయి గనుక అక్కడ నీళ్ళు ఏడాది పొడుగునా పెద్దగా లేవవు. పెనాంగ్ దాటి ఉత్తరంగా ఫుకెట్ దిక్కు పోతే అండమాన్ సముద్రం వస్తది, అక్కడ పడమటి దిక్కంతా ఖాళీ. మే నడిమిట్ల నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలికి లేచే అలలు సూటిగా ఫుకెట్ పడమటి ఒడ్డుకే కొడతయి. ఓడలు చాలాసార్లు ఆ ఒడ్డునున్న పటాంగ్ దగ్గర లోతులో లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతయి. అల ఎక్కువుంటే పడవ, ఓడ ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతుంటది, మెట్టు మీద కాలు ఆనదు. మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తమ్మకు అది పెద్ద గండం. అల మరీ పెరిగితే కెప్టెన్ ఫుకెట్‌లో ఆగుడే రద్దు చేసి ముందుకు పోతడు. టికెట్ షరతుల్లో ఆ హక్కు కంపెనీకి రాసే ఉంటది, రేవు రుసుము తప్ప పెద్దగా పైసలు వాపస్ రావు.

మన చిక్కేందంటే, బడి పిల్లల పెద్ద సెలవులు రెండూ చాలా వరకు ఈ చెడ్డ కాలంలోనే పడతయి. ఎండకాలం సెలవులు ఏప్రిల్ ఆఖర్న మొదలై జూన్ రెండో వారం దాకా, దసరా సెలవులేమో ఫుకెట్, పెనాంగ్ రెండు చోట్లా బాగ వానలు పడే సెప్టెంబర్, అక్టోబర్‌లలో. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వానలు తక్కువైన ఏడు సుమత్రాలో అడవులు, పొదలు కాలబెట్టిన పొగ జలసంధి మీదికి కమ్ముకుంటది. 2015లో, 2019లో అట్లనే అయింది. అసొంటప్పుడు బాల్కనీలో నిలబడితే కళ్ళు మండుడు తప్ప కనబడేదేమీ ఉండదు.

మంచి కాలం డిసెంబర్ నుంచి మార్చి దాకా. అందులో డిసెంబర్‌లో సింగపూర్‌లోనే ఈశాన్య వానలు జోరుగుంటయి, పైగా అక్కడి బడి సెలవులు, క్రిస్మస్ కలిసి ధరలు ఆకాశంలో ఉంటయి. నన్నడిగితే సంక్రాంతి సెలవులు గాని, ఫిబ్రవరి గాని పట్టుకో. నాలుగు రాత్రుల ఓడ, పోను రాను విమానం కలిపితే ఆరేడు రోజులు, సంక్రాంతి సెలవుల్లో సరిపోతది. పిల్లల బడి అడ్డం లేకపోతే ఫిబ్రవరి ఇంకా మేలు. యాసంగి నాట్లు అయిపోయి, కోతలు ఇంకా రాని రోజులు గనుక నాయినకు పొలం రంది ఉండదు. చెర్వుగట్టు జాతరకు పోయేదుంటే ఆ తేదీలు చూసుకో. చైనా వాళ్ళ కొత్త సంవత్సరం ఏటా జనవరి 21కి, ఫిబ్రవరి 20కి నడుమ ఎప్పుడో వస్తది. ఆ వారం మాత్రం విడిచిపెట్టు. టికెట్లు పిరం, ఓడ కిక్కిరిసి ఉంటది, పెనాంగ్‌లో సగం దుకాణాలు మూసి ఉంటయి.

ఎండకాలం సెలవులే గతి అంటవా, అయితే ఫుకెట్ ఆశ విడిచి పెనాంగ్ ఒక్కటే ఉన్న మూడు రాత్రుల ఓడ చూడు. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్‌లోని స్వెట్టెన్‌హామ్ రేవుకే ఆనుకుంటది, పడవ బాధ లేదు. దిగి నడుచుకుంట పోతే లిటిల్ ఇండియా బజారు వస్తది. కాకపోతే ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఆ జలసంధిలో తెల్లారగట్ల 'సుమత్రాలు' అనే గాలివానలు వస్తయి. గంటో రెండు గంటలో కొట్టి పోతయి. రాత్రి పండుకునే ముందు బాల్కనీలో తువాలు, చెప్పులు ఏవీ ఉంచొద్దు, పొద్దుగాల లేచేసరికి ఉండవు.

ఇగ బాల్కనీకి ఎక్కువ పైసలు పెట్టుడు దండుగా, కాదా? దానికి ఒక లెక్కుంది. ఓడ రేవులో ఆగి ఉన్నప్పుడు బాల్కనీ నుంచి కనబడేది సిమెంటు గట్టు, కంటైనర్లు. రాత్రి నడిచేటప్పుడు చీకటి. పనికొచ్చేది పగటి పూట నడిచే గంటలే. సింగపూర్ టైం ప్రకారం సుమారు పొద్దున 7కు తెల్లారి సాయంత్రం 7కు పొద్దు గూకుతది, ఏడాదంతా పెద్ద తేడా ఉండదు. ప్రయాణ పట్టిక ముందలేసుకొని కూడు. మొదటి రోజు 5 గంటలకు కదిలితే 2 గంటలు. రేవులో ఆగే రోజు 8కి చేరి 6కు కదిలితే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అసొంటి రోజులు రెండుంటే 4. పూర్తిగా సముద్రం మీదుండే రోజు 12. మొత్తం 18 గంటలు. బాల్కనీ గదికి, కిటికీ గదికి తేడా ఇద్దరికి కలిపి 27,000 రూపాయలు అనుకో, గంటకు 1,500 పడ్డట్టు. అందులో తిండికి, ఆటపాటకు బయట తిరిగేది తీసేయి. ఇష్టమైతే పెట్టు. సముద్రం మీద ఒక్క పూర్తి రోజు కూడా లేని ప్రయాణానికైతే నేను కిటికీ గదే తీసుకొమ్మంట.

బాల్కనీయే ఖాయమైతే మాటల మోసాలు కొన్ని తెలుసుకో. 'వర్చువల్ బాల్కనీ' అంటే బాల్కనీ కాదు. కిటికీ కూడా లేని లోపలి గదిలో గోడకు తెర పెట్టి బయట సముద్రాన్ని టీవీలో చూపిస్తరు. కొన్ని పెద్ద ఓడల్లో ఓడ నడిమిట్ల తోట పెట్టి, దాని దిక్కు తెరుచుకునే బాల్కనీలు అమ్ముతరు, అందులో సముద్రం కనబడదు. 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని సన్నగ రాసి ఉంటే నీ ముందర లైఫ్‌బోటు వేలాడుతుందని లెక్క. 'గ్యారంటీ' అని అగ్గువకు అమ్మేదాంట్లో గ్యారంటీ బాల్కనీకే గని చోటుకు కాదు, ఏ మూల గది ఇచ్చినా తీసుకోవాలె. పెద్దవాళ్ళతో పోయేటోళ్ళు అది కొనొద్దు.

గది నంబరు నీకై నువ్వే ఎంచుకో. కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక్కో అంతస్తుకు నక్షా ఉంటది, దాన్ని డెక్ ప్లాన్ అంటరు. నువ్వు అనుకున్న గదికి పై అంతస్తులో, కింది అంతస్తులో ఏముందో రెండు నక్షాలు పక్కపక్కన పెట్టి చూడు. పైనా గదులే, కిందా గదులే ఉండాలె. పైన స్విమ్మింగ్ పూల్ అంతస్తుంటే తెల్లారగట్ల కుర్చీలు ఈడ్చే చప్పుడు, వంటశాల ఉంటే బండ్లు దొర్లే చప్పుడు. కింద థియేటరో, బారో ఉంటే అర్ధరాత్రి దాకా దరువు. పూల్ అంతస్తు బయటికి చొచ్చుకొచ్చి ఉంటే దాని కింది బాల్కనీలకు ఆకాశం కనబడదు. అది నక్షాలో తెల్వదు, ఓడ ఫొటో పక్క నుంచి తీసింది చూస్తే తెలుస్తది. అదే ఫొటోలో బాల్కనీ ముందరి అడ్డు అద్దమా, ఇనుప రేకా అన్నది కూడా చూసుకో. రేకైతే కుర్చీలో కూసుంటే ఏమీ కనబడదు, నిలబడే చూడాలె.

ఊపు తక్కువ కావాలంటే ఓడ పొడుగులో నడిమిట్ల, ఎత్తులో కింది అంతస్తుల్లో తీసుకో. ఉయ్యాల బల్లకు కొసన కూసున్నోడికి, నడుమ కూసున్నోడికి ఎంత తేడానో ఓడలోనూ అంతే. పక్కలకు ఒరుగుడును నీళ్ళల్లో ఉండే రెక్కలు తగ్గిస్తయి గని ముందు వెనకల ఎగిరిపడుడును తగ్గించలేవు. ముందు కొసన లంగరు గొలుసు దిగేటప్పుడు గుండె జల్లుమంటది. వెనక కొసన బాల్కనీలకు గాలి తాకిడి తక్కువ, ఓడ వెనక పరుచుకునే నురగ తొవ్వ చూడ చక్కగుంటది, కొందరికి అదే ప్రాణం. కాకపోతే ఇంజన్ అదురు ఉంటది, ఒక్కోసారి పొగగొట్టం మసి కుర్చీల మీద రాలుతది. పైగా జెంటింగ్ డ్రీమ్ అసొంటి ఓడ పొడుగు 335 మీటర్లు, అంటే ఫర్లాంగున్నర దాటుతది. వెనక గది నుంచి ముందర ఉండే థియేటర్‌కు రోజూ రెండుసార్లు పోయొచ్చుడు మీ అత్తమ్మతోని కాదు. లిఫ్టు నుంచి అయిదారు తలుపుల అవతల తీసుకో. మరీ ఆనుకొని ఉంటే అందరి ముచ్చట్లు వినబడతయి. రెండు గదుల నడుమ తలుపుండే 'కనెక్టింగ్' గదులు మీరు రెండూ తీసుకుంటేనే మంచిది, లేకపోతే పక్కోళ్ళ గురక మీ గదిలో ఉంటది.

బాల్కనీ గది లోపల 180 నుంచి 200 చదరపు అడుగులు, అంటే 20, 22 గజాలు. బాల్కనీ ఇంకో 40, 55 అడుగులు. రెండు కుర్చీలు, చిన్న బల్ల పడతయి. నలుగురిని ఒకే గదిలో ఇరికించొద్దు. మూడో మనిషి, నాలుగో మనిషి టికెట్ అగ్గువని ఏజెంట్లు చెప్తరు, నిజమే, కాని వాళ్ళకు సోఫా గాని, పైనుంచి దిగే మంచం గాని ఇస్తరు. పెద్దవాళ్ళు నిచ్చెనెక్కుతరా? ఇద్దరిద్దరికి రెండు గదులు తీసుకో.

ఎడమ పక్కా, కుడి పక్కా అని బుర్ర పాడు చేసుకోకు. పోయేటప్పుడు ఓడ వాయవ్యానికి నడుస్తది గనుక ఎడమ బాల్కనీకి సాయంత్రం ఎండ, పొద్దు గూకుడు. కుడి బాల్కనీకి సూర్యోదయం, మలేసియా ఒడ్డు. వచ్చేటప్పుడు తిరగబడుతది. అందుకే పక్కకు ఎక్కువ ధర అడిగితే ఇవ్వకు. ఓడల రాకపోకలు చూసుడంటే సరదా ఉంటే ఎడమ తీసుకో. ఆ జలసంధిలో ఓడలు కుడి పక్కనే నడవాలని నియమం, ఎదురొచ్చేవి పోను రాను రెండుసార్లూ ఎడమ దిక్కే కనబడతయి.

బాల్కనీ వాడుకునేటప్పుడు ఒక పైలం. బాల్కనీ తలుపు, గది తలుపు ఒక్కసారే తెరవొద్దు. గాలి సుడి లాగా దూసుకొచ్చి తలుపు ధడేల్‌మని పడతది, వేళ్ళు నలుగుతయి. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే ఏసీ ఆగిపోతది, ఉక్కకు గోడలు చెమర్చుతయి. తడి చీరలు రేలింగ్ మీద ఆరేసుడు, సిగరెట్ తాగుడు కుదరవు. కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ సామాన్లలో దొరికితే ఓడ దిగేదాకా వాళ్ళ దగ్గరే ఉంచుకుంటరు. ఇంట్ల చేసిన పచ్చడి, సకినాలు తీసేయమంటరు. కంపెనీ సీల్ ఉన్న, విప్పని పొట్లాలైతే చాలా వరకు పోనిస్తరు. శాకాహారం సంగతి బుక్ చేసేటప్పుడే రాయించు.

టైం సంగతి బాగ గుర్తు పెట్టుకో. సింగపూర్, మలేసియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, థాయ్‌లాండ్ గంటన్నరే ముందు. ఓడ సింగపూర్ టైం మీదే నడుస్తుంటే ఫుకెట్‌లో దిగంగనే ఫోన్ తనంతట తానే గంట వెనకకు పోతది. ఓడ వాళ్ళు 5కల్లా ఎక్కాలన్నరంటే నీ ఫోన్‌లో 4కే ఎక్కాలన్నమాట. ఓడ ఎవరి కోసం ఆగదు. ఒక చేతిగడియారం ఓడ టైంకు పెట్టుకో, ఫోన్‌ను నమ్మకు. నడి సముద్రంలో ఫోన్ ఓడ సిగ్నల్‌ను పట్టుకుంటే బిల్లు వాచిపోతది, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు.

కాగితాల సంగతి. పాస్‌పోర్టులకు ఇంకా ఆరు నెలల గడువుండాలె. సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు అడుగు పెడతరు, విమానంలో ఒకసారి, ఓడ దిగి ఒకసారి, గనుక వీసా 'మల్టిపుల్ ఎంట్రీ' అని ఉందో లేదో చదివి చూడు. సింగపూర్ అరైవల్ కార్డు చేరే ముందు మూడు రోజులలోపు ఆన్‌లైన్‌లో నింపాలె, ఓడ తిరిగొచ్చినప్పుడు మళ్ళీ ఒకటి. మలేసియా, థాయ్‌లాండ్ నియమాలు తరచూ మారుతుంటయి, బుక్ చేసే రోజున ఒకసారి, బయలెల్లే వారం ముందు ఒకసారి చూడు. టూర్ ఏజెంట్ టీసీఎస్ పేరిట, అంటే ముందుగాలనే వసూలు చేసే పన్ను కింద, కొంత పట్టుకుంటడు, ఆ రసీదు దాచి ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో లెక్కకు తెచ్చుకో.

శంషాబాద్ నుంచి సింగపూర్‌కు నాలుగున్నర గంటల దాకా పడతది. రాత్రి విమానమెక్కితే తెల్లారి దిగి అదే రోజు ఓడెక్కొచ్చని ఆశ పుడతది, ఒద్దు. విమానం ఆలస్యమైతే ఓడ పైసలన్నీ నీళ్ళపాలు. ఒక రోజు ముందే చేరు. సింగపూర్‌లో ఓడ రేవులు రెండు, మరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ ఒకటి. టికెట్ మీద ఏది రాసి ఉందో టాక్సీ డ్రైవర్‌కు చూపించు. నాయిన సంచిలో గుట్కా, ఖైనీ పొట్లాలుంటే ఇంట్లోనే తీసేయి, సింగపూర్‌లో అవి నిషేధం, జుర్మానా గట్టిగుంటది.

నడిమిట్ల ఉండే గదులు ముందుగాల అమ్ముడైతయి, ఫిబ్రవరికి పోవాలంటే వానకాలంలోనే బుక్ చెయ్యాలె. తేదీలు, ఓడ పేరు, నీకు నచ్చిన మూడు గది నంబర్లు రాసి పంపు, నక్షా చూసి ఏది తీసుకోవాలెనో చెప్త.

మీ పెద్దనాయిన